ఇంగ్లీషు పారాయణం

రామలింగప్ప మాస్టరు ఇంగ్లీషు పాఠం ఎప్పుడూ సగమే చెప్పేవాడు. మిగతా సగం క్లాసు చెప్పాల. అది ఆయన పద్ధతి.

మనం ఒకరికి కళ్లు నెత్తికెక్కినాయంటే నిజంగా కళ్లు పైకి ఎక్కి కూర్చోవు కదా. ఇట్లాంటి పలుకుబళ్లు ఇంగ్లీషులో వందలకొద్దీ ఉన్నాయి. మాస్టరు ఒక్కొక్కదాన్ని మధ్యకు విరిచేవాడు. మొదటి ముక్క తాను పలికి, చెయ్యి గాల్లోకి ఎత్తి ఆగేవాడు. రెండో ముక్కను నలభై గొంతులు కలిపి అరిచేవి. కోయిలకుంట్ల హైస్కూలు గోడకు ఆనుకొని కుట్టుమిషను వేసుకున్న దర్జీ బొజ్జన్నకు ఇంగ్లీషు అక్షరం రాదు. అయినా రెండో ముక్కలన్నీ నోటికి వచ్చు. మొదటి ముక్క చెవిన పడితే చాలు, మిషను తొక్కుతూనే పూర్తి చేసేవాడు. ఏమి పూర్తి చేసినాడో ఆయనకూ తెలీదు, రవిక కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకూ తెలీదు.

ఇరవై ఎనిమిదేళ్లు ఇట్లా నడిచినాక, 1955 మాఘమాసంలో ఒక మధ్యాహ్నం మాస్టరు మొదటి ముక్క చెప్పి చెయ్యి ఎత్తినాడు. పిల్లలు రెండో ముక్క అరిచినారు. ఆయన తరువాతి దానికి పోలేదు. సరిగ్గా వినపడలేదేమోనని పిల్లలు ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అరిచినారు. అప్పటికి ఎత్తిన చెయ్యి జారి పక్కకు వేలాడుతోంది. మూడోసారి అరవాలా వద్దా అని వాళ్లు ఆలోచించుకుంటుండగా ఆయన బల్ల పక్కకు ఒరిగిపోయినాడు.

కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మూడూ ఒక్కసారే పోయినాయి.

భార్య సుబ్బక్క ఆయనకు అక్క కూతురు. పుట్టినప్పటి నుంచి మామ అనే పిలిచేది, పెళ్లయినాక ఆ పిలుపు మార్చాల్సిన పని పడలేదు. పిల్లలు లేరు. ఊళ్లో సగంమంది మగవాళ్లు ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే కాబట్టి ఆ లోటును లోటుగా చూడడానికి ఇద్దరికీ తీరిక చిక్కలేదు. సుబ్బక్క తెలుగు చక్కగా చదువుతుంది, రాస్తుంది. ఇంగ్లీషు మాత్రం మామ సొత్తు. దాని జోలికి ఆమె ఎన్నడూ పోలేదు.

కర్నూలు రాజధాని అయిన కొత్త. గుడారాల్లో సర్కారు కచేరీలు, రోడ్ల మీద ఎప్పుడూ జీపుల దుమ్ము. పెద్దాసుపత్రిలో మంచం దొరకడానికే మూడు రోజులు పట్టింది. నెలా పదిరోజులు అక్కడే ఉన్నాక డాక్టరు, కాలు కొంచెం రావచ్చు, చెయ్యి ఇంకొంచెం రావచ్చు, మాట సంగతి చెప్పలేమని అన్నాడు. సుబ్బక్క అక్కడి నుంచి కదల్లేదు. ఆమెను కదిలించడానికన్నట్టు, ఆయనకు బాగా అలవాటైన మాటలు రోజూ చెవిన వేస్తూ ఉండమ్మా అన్నాడు. వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు మరి.

డాక్టరు దాన్ని ఓదార్పుగా అన్నాడు. ఈమె మందుచీటీగా తీసుకుంది.

ఇంటికి వచ్చినాక హెడ్మాస్టరు చూడవచ్చినాడు. సెలవు బడి తెరిచేదాకా ఉందనీ, జూన్ నెలలో మాస్టరు క్లాసు ముందర నిలబడకపోయినా కూర్చొని నాలుగు మాటలు చెప్పగలిగితే తాను ఎట్లాగో నెట్టుకొస్తాననీ చెప్పినాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లూ బడి లేకుండా మామ ఎట్లా ఉంటాడో సుబ్బక్కకు ఊహకు కూడా అందలేదు. ఆదివారం పూటే ఆయన ఇంట్లో ఏమి చెయ్యాలో తోచక అటకమీది ఇత్తడి గిన్నెలు దించి, లెక్కపెట్టి, మళ్లీ ఎక్కించే మనిషి.

జూన్ లోపల నాలుగు మాటలు. అంతే కావాల్సింది.

అలవాటైన మాటలేవి? ఇంట్లో ఆయన మాట్లాడిందే తక్కువ. నీళ్లు, ఊఁ, చాలు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెతో అన్న మాటలన్నీ పోగేస్తే బడిలో ఒక పిరీడుకు సరిపోవు. ముందు నీళ్లతో మొదలుపెట్టింది. చెంబు చూపించి, నీళ్లు అను మామా, ఇస్తా అనింది. ఆయన చెంబు వైపు చూసినాడు, ఆమె వైపు చూసినాడు. పెదవులు కదిలినాయి. పొద్దెక్కి, నీడలు పొట్టివైనాయి. ఆయన పెదవులు ఎండి అతుక్కుపోవడం చూసి సుబ్బక్క చెంబు ఆయన నోటికి పెట్టింది. నిలబడి నిలబడి పొంగిన కాళ్లతో పెరట్లోకి పోయి కాసేపు కూర్చొని వచ్చింది. ఆ వైద్యం అంతటితో సరి.

అప్పుడు గుర్తొచ్చింది పుస్తకం. అట్ట ఊడిన నోటుబుక్కు, ఇరవై ఎనిమిదేళ్లుగా మామ సొంత చేత్తో రాసుకున్నది. పలుకుబళ్లన్నీ ఏ అర్థానివి ఆ పేజీలో, ముత్యాల్లాంటి అక్షరాలు. సుబ్బక్కకు ఆ ఇంగ్లీషు అక్షరాలు తెలియవు గాని వస్తువులు తెలుసు. ఏ గిన్నె ఎక్కువ వాడితే దాని అడుగు అరుగుతుంది. పుస్తకమంతా తిరగేస్తే పద్దెనిమిదో పేజీ ఒక్కటి అంచులు చిరిగి, వేళ్ల జిడ్డుతో నల్లబడి, మధ్యలో చీలిక పడి ఉంది. అంటే మామ నోట ఎక్కువ నానింది ఇదే. ఇంక వెదకాల్సిన పని లేదు.

పోస్టాఫీసు గుమాస్తా రంగన్న మాస్టరు దగ్గర మొదట్లో చదువుకున్నవాడు. వయసులో సుబ్బక్కకన్నా నాలుగేళ్లు పెద్ద, అయినా గురుపత్ని కాబట్టి ఆమెను అమ్మా అంటాడు. సుబ్బక్క పుస్తకం తీసుకొని పోయి, ఈ పేజీలో ఉండేవాటిని తెలుగు అక్షరాల్లో రాసివ్వమనింది. సారు ఆగే చోట గీత గియ్యమనింది. పద్నాలుగున్నాయి. రంగన్న ఒకసారి పేజీ వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, ఇంకో పేజీ రాసిద్దునా అమ్మా అన్నాడు. ఇదే కావాల అనింది ఆమె. ఎట్లా పలకాలో రెండుసార్లు చెప్పించుకొని, మూడోసారి తానే అప్పజెప్పి వచ్చింది.

సుబ్బక్క పుట్టిన ఇంట్లో దేన్నైనా ఊరికే చదవరు. చదివితే మండలం చదవాల. తలస్నానం, దీపం, ఒకే వేళ, నలభై ఒక్క రోజులు. వాళ్ల నాయన సంస్కృతంలో ఏవేవో చదివేవాడు. ఒక్క ముక్కకూ అర్థం తెలీదు, ఎవరూ అడగలేదు, అయినా పంటలో పురుగు పోయిందని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అర్థం చదివేవాళ్లకు తెలియాల్సిన పని లేదు, వినేవాళ్లకు తెలిస్తే చాలు. ఇక్కడ వినేవాడికి తెలుసు.

చైత్రం చివర్లో మొదలుపెట్టింది. మే నెల ఎండల్లో కోయిలకుంట్లలో రోజూ తలస్నానమంటే మాటలు కాదు. ఇంటి బావి అడుగంటింది. తెల్లవారకముందే కుందేరు ఏటికి పోయి, ఇసకలో మోచేయి లోతు చెలమ తీసి, నీళ్లు ఊరేదాకా కూర్చొని, కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకొని రావాల. ఒక బిందె ఆయనకు, ఒక బిందె వంటకు, ఒక బిందె పారాయణానికి. మూడు తడవలు.

మధ్యాహ్నం రెండు గంటలకు ఆయన ఇంగ్లీషు పిరీడు. సరిగ్గా ఆ వేళకు తడి జుట్టు ముడేసుకొని, మంచానికి ఎదురుగా, ఆయన క్లాసులో నిలబడినట్టు నిలబడేది.

"ఫ్లాగింగ్ ఎ డెడ్..." అని, చెయ్యి ఎత్తి ఆగేది.

ఆయన నోరు తెరుచుకునేది. ఎడమ పక్క పెదవి వణికేది. ఆమె మనసులో పది లెక్కపెట్టేది. నలభై మంది పిల్లలకు ఒక్క క్షణం చాలు, ఒక్క మనిషికి పది ఇవ్వొచ్చని ఆమె లెక్క. పది అయినాక "హార్స్" అని తానే మెల్లగా అందించి తరువాతి దానికి పోయేది. "ప్లౌయింగ్ ద..." మళ్లీ పది. "క్యారీయింగ్ వాటర్ ఇన్ ఎ..." మళ్లీ పది. పద్నాలుగూ అయ్యేసరికి ఆమె చెయ్యి లాగేది. ఇన్నేళ్లు మామ ఈ చెయ్యి ఎట్లా ఎత్తి పట్టుకున్నాడో అనుకునేది.

తొమ్మిదో రోజు ఆయన ఎడమ కంటి నుంచి నీళ్లు కారినాయి. ఆ సంతోషానికి సుబ్బక్క ఆ పూట పాయసం చేసింది.

ఇట్లాంటివి దాగవు. పక్కింటి గంగక్క మొదట కిటికీలోంచి వినింది, తరువాత కొబ్బరికాయ పట్టుకొని గడప దాటింది. నాలుగు రోజులకు ఇంకో ముగ్గురు ఆడవాళ్లు చేరినారు. చాప వేసుకొని కూర్చొని, కళ్లు మూసుకొని, ప్రతి ఆగుడు దగ్గరా చెంపలు వేసుకునేవాళ్లు. మాస్టరు వాళ్లను చూసి గోడ వైపు తిరిగేవాడు. సారు ధ్యానంలోకి పోయినాడని గంగక్క మిగతావాళ్లకు చెప్పేది.

ఇరవై ఏడో రోజు గంగక్క ఒక మనవి పెట్టింది. తన కోడలికి పెళ్లయి ఆరేళ్లయినా కడుపు పండలేదు. ఈ పారాయణం దానికి కూడా పని చేస్తుందేమో రంగన్నను అడిగి చెప్పమనింది. సుబ్బక్కకు ఆ సందేహం న్యాయంగానే తోచింది. మందు ఏ రోగానికో తెలుసుకోవడంలో తప్పేముంది.

పోస్టాఫీసులో ఎవరూ లేరు. రంగన్న ఉత్తరాల మీద ముద్రలు వేస్తున్నాడు. ఆమె విషయం చెప్పింది. ముద్ర కట్టె గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, అది రోగాలకు చదివేది కాదు."

"మరి దేనికి?"

రంగన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వెనక్కి జరుపుకున్నాడు. ఇంక దారి లేదని తెలిసి, తల దించుకొని, పాఠం అప్పజెప్పే పిల్లోడి మాదిరి మొదలుపెట్టినాడు. మొదటిది, చచ్చిన గుర్రాన్ని లెయ్యమని చెర్నాకోలతో కొట్టడం. రెండోది, ఏటి ఇసకలో మడక దున్నడం. మూడోది, జల్లెడలో నీళ్లు మొయ్యడం. నాలుగోది, అడవి బాతు వెంట పరిగెత్తడం.

"చేసి చేసి ఒళ్లు అలిసిపోతాది గాని ఫలితం రాదు చూడమ్మా, అట్లాంటి పనిని ఇంగ్లీషోళ్లు ఎన్ని రకాలుగా అంటారో అన్నీ ఆ పేజీలో రాసిపెట్టినాడు సారు."

"పద్నాలుగూనా?"

"పద్నాలుగూ అదే."

సుబ్బక్క బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడింది. మరి ఆ పేజీ అంత నలిగిందేమి అని అడిగింది, అది తప్పితే ఇంకేమీ అడగడానికి లేనట్టు. ఆ పేజీ ఎవరికీ ఎక్కేది కాదన్నాడు రంగన్న. ప్రతి ఏడూ పరీక్షలో పిల్లలు అక్కడే తప్పేవాళ్లు, సారు ప్రతి ఏడూ దాన్నే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. "నేనే మూడేళ్లు ఆ పేజీలో ఉంటి."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదప్పా?"

"పలికేదెట్లా అని అడిగినారు, చెప్పినా. అర్థం అడగలేదు మీరు." మళ్లీ తానే అన్నాడు, "మొదటి రోజే చెప్దామని మీ ఇంటికి వచ్చినా. తలస్నానం చేసి దీపం పెట్టి నిలబడుకోని ఉంటిరి. సారు కళ్లు మీ మీదనే ఉండె. ఎట్లా చెప్పేది?"

మీ సారుకు తెలుసు గదా అని ఆమె అనలేదు. ఆ మాట ఇద్దరి మధ్యా బల్ల మీద ఉన్నట్టే ఉంది. రంగన్న ముద్ర వేసిన ఉత్తరం మీదనే ఇంకో ముద్ర వేసినాడు.

ఇంటికి వచ్చేసరికి రెండయింది. మాస్టరు గోడ గడియారం వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. సుబ్బక్క దీపం పెట్టలేదు. గంగక్కకు తలుపు తియ్యలేదు. ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది.

"మామా, రంగన్న చెప్పినాడు. నెల నుంచి నీ ముందర నిలబడి నేను చెప్తాండేది ఇదేనా?"

ఆయన ఆమెను చూసినాడు.

"నీకు తెలిసి కూడా రోజూ వింటాంటివి. నాకు చెప్పేదానికి నోరు లేకపాయె."

ఆయన ఎడమ పెదవి పైకి లేచింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. రెండోసారి వచ్చింది. సుబ్బక్కకు అదేమిటో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది, ఎందుకంటే ఇరవై ఏళ్లలో ఆమె ఆయన అట్లా నవ్వగా వినలేదు. నవ్వే అది. సగం ముఖంతో, పొట్ట అదిరేట్టు నవ్వుతున్నాడు. ఆమెకూ నవ్వొచ్చింది. జుట్టు తడిపీ తడిపీ జలుబు పట్టింది మామా అని చెప్పి, మంచం అంచున కూలబడి నవ్వింది. ఆయన నవ్వు ఆగలేదు. ఆగకుండానే ఎక్కడో ఏడుపైంది. అది ఇంక ఎంతకీ ఆగలేదు. ఆయన తల ఒళ్లో పెట్టుకొని, సాయంత్రం నీళ్లబిందె సంగతి గుర్తుకొచ్చేదాకా ఆమె అట్లాగే కూర్చుంది.

గంగక్కకు ఈ పారాయణం బడి అయివార్లకే పని చేస్తుందని, కోడళ్లకు పని చెయ్యదని చెప్పి పంపించింది. గంగక్క నమ్మింది. అయివార్ల మందులు అయివార్లకే ఉంటాయని ఆమెకు ముందే అనుమానం.

రంగన్నతో ఈసారి అర్థం చెప్పించుకొని ఇంకో పేజీ రాయించింది. పోయింది తిరిగి రావడం, మబ్బు విడిపోవడం, అట్లాంటివున్న పేజీ అది. కొత్తగా ఉంది కాగితం, ఎవరి వేలూ పడనట్టు. ఆమె మొదటి ముక్క చెప్పి చెయ్యి ఎత్తింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. రెండో రోజూ మూసుకున్నాడు. మూడో రోజు ఆమె పాత కాగితం తీసింది. ఆయన కళ్లు తెరిచినాడు.

అర్థం తెలిసి చదవడం కష్టమైన పని. ఇంతకుముందు ఉత్త శబ్దాలు. ఇప్పుడు ప్రతి ముక్క దగ్గరా ఆ గుర్రం పడి ఉండేది, ఆ మడక దిగబడేది. అయినా మండలం మధ్యలో ఆపకూడదు. చెలమకు పోతూనే ఉంది, జుట్టు తడుపుతూనే ఉంది, చెయ్యి ఎత్తి పది లెక్కపెడుతూనే ఉంది. చివరి వారంలో పదిని పదిహేను చేసింది. ఆయన నోరు తెరిచేవాడు, మెడ నరాలు పైకి తేలేవి, నుదుట చెమట పట్టేది. చివరి నాలుగు రోజుల్లో ఒక్కసారి 'హ' లాంటిదేదో వినబడినట్టయింది. ఆమె కొంగుతో నోరు మూసుకొని వినింది. మళ్లీ రాలేదు. అది ఊపిరే కావచ్చు.

నలభై ఒకటో రోజు అయిపోయింది. పాయసం చెయ్యలేదు.

బడి తెరిచే ముందురోజు హెడ్మాస్టరు వచ్చినాడు. చేతిలో ఒక కాగితం ఉంది, ముందు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కొని, "ఏమప్పా రామలింగప్పా, బడికి పోదామా?" అన్నాడు. సుబ్బక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. పెదవులు కదలకుండా లోపల లెక్కపెడుతోంది. పది అయింది. పదిహేను అయింది. మాస్టరు ఎడమ చెయ్యి దుప్పటిని పిడికిట్లో పట్టుకుంది, ముఖమంతా ఎర్రబడింది, నోరు తెరుచుకుంది. ఇరవై అయింది. హెడ్మాస్టరు ఆయన వైపు చూడలేక నేల వైపు చూస్తున్నాడు. సుబ్బక్క ముప్పై దాకా లెక్కపెట్టింది.

హెడ్మాస్టరు కాగితం తీసినాడు. ఆరోగ్యం బాగలేనందువల్ల ఉద్యోగం మానుకుంటున్నట్టు ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కుడి చెయ్యి సంతకానికి రాదు. హెడ్మాస్టరు సంకోచిస్తూ సిరా దిండు బయటికి తీసి, "ఇట్లా అడగడానికి నాకు నోరు రావడం లేదమ్మా" అన్నాడు. ఆ గదిలో నోరు రానిది ఎవరికో అందరికీ తెలుసు.

ముద్ర వేసే ముందు మాస్టరు కాగితాన్ని చదివినాడు. కళ్లు పంక్తి పంక్తికీ కదిలి, మూడో పంక్తి దగ్గర ఆగినాయి. ఎడమ చూపుడు వేలితో అక్కడ ఒక మాట మీద రెండుసార్లు కొట్టినాడు. హెడ్మాస్టరు వంగి చూసి, తప్పు పడింది మాస్టరూ అని ఒప్పుకొని, కలం తీసి దిద్దినాడు. అప్పుడు మాస్టరు ఎడమ బొటనవేలు చాపినాడు. సుబ్బక్క దాన్ని సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తింది. ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి వేలిముద్ర నల్లగా, గుండ్రంగా, చాలా స్పష్టంగా పడింది.

మరుసటి రోజు బడి తెరిచినారు. రెండు గంటలకు మాస్టరు గడియారం వైపు చూసినాడు. మండలం అయిపోయింది, ఇంక ఆమె చదవాల్సిన పని లేదు. సుబ్బక్క అంట్లు తోముతున్నది చేతులు కడుక్కొని లోపలికి వచ్చింది. తలస్నానం లేదు, దీపం లేదు. నిలబడలేదు కూడా, మంచం మీద ఆయన పక్కన కూర్చొని పద్దెనిమిదో పేజీ కాగితం తీసుకుంది.

"ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్" అని ఒక్క ఊపిరిలో చదివింది. చెయ్యి ఎత్తలేదు. "ప్లౌయింగ్ ద సాండ్స్. క్యారీయింగ్ వాటర్ ఇన్ ఎ సీవ్." రెండు సగాలూ తానే చెప్పుకుంటూ, పెళ్లి పత్రిక చదివినంత సాఫీగా పోతోంది.

ఆయన నోరు మొదటిదాని దగ్గరే తెరుచుకొని ఉంది. ఎడమ పెదవి వణుకుతోంది. ఆ ఆగుడు కోసం చూస్తున్నాడు. సుబ్బక్క అది చూసింది. చూసి, కాగితం మీదికి కళ్లు దించుకొని, తరువాతి దానికి పోయింది.